శంషాబాద్ లెక్కలో మనవాళ్లెందరు?

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి మా హాస్టల్ రూమ్మేట్‌కి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లది ఆదిలాబాద్. తాత పోయిండని కబురు. వాడు అప్పటికప్పుడు కరీంనగర్ బస్టాండుకి ఉరికి, దొరికిన బండెక్కి, తెల్లారేసరికి ఇల్లు చేరాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే వాళ్లన్నకి మాత్రం పొద్దుటి విమానాల్లో సీటు దొరకలేదు. పదకొండింటికి దొరికిన దాంట్లో ఎక్కి గంటంబావులో శంషాబాద్‌లో దిగాడు. అక్కడి నుంచి ఆదిలాబాద్‌కి కారులో ఆరు గంటలు. పొద్దుగూకేలోపు కానిచ్చెయ్యాలని పెద్దమనుషులు తొందరపెట్టారు. ఆయన నిర్మల్ దాటకముందే అంతా అయిపోయింది.

దినాలు అయినంక రూమ్మేట్ తిరిగొచ్చి నన్ను ఒకటే అడిగాడు. "బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి గంటంబావు. హైదరాబాద్ నుంచి మా ఇంటికి ఆరు గంటలు. మా ఊర్ల ఎరోడ్రం ఉన్నది గదరా, నిజాం జమానాది. ఒక్క విమానం తిప్పరాదా? ఎక్కేటోళ్లే లేరా మా ఊర్ల?"

నేను సివిల్ మూడో సంవత్సరం. ట్రాఫిక్‌ని అంచనా వెయ్యడం మీద ఒక యూనిట్ మొత్తం చదివి, పరీక్ష రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా వాడి ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నెల రోజులు లెక్కలు తిరగేశాక నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. విమానం ఎక్కేవాళ్ల సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది, మన ఊళ్ల పేరు ఆ లెక్కలో ఎందుకు కనబడదు అన్నదే ఈ వ్యాసం.

రెండు సున్నాలు

ముందుగా రెండు సున్నాల గురించి చెప్పుకుందాం.

మొదటిది 2020 ఏప్రిల్. ఆ నెల మొత్తం దేశంలో రోజువారీ దేశీయ విమానాల్లో ప్రయాణించినవాళ్లు సున్నా. కరోనా లాక్‌డౌన్ వల్ల మార్చి 25 నుంచి మే 24 దాకా ఆ విమానాలు ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది, అంటే 2019లో, అవే విమానాల్లో 14.4 కోట్ల మంది ప్రయాణించారు.

రెండోది ఆదిలాబాద్, కరీంనగర్. ఇక్కడ విమానం ఎక్కినవాళ్లు ఈ ఏడాది సున్నా, పోయిన ఏడాది సున్నా.

2020 ఏప్రిల్ సున్నాని చూసి "భారతీయులకి విమాన ప్రయాణం మీద ఆసక్తి పోయింది" అని ఎవరూ అనలేదు. ప్రయాణం చెయ్యాలని ఉన్నా దారి మూసుకుపోయిందని అందరికీ తెలుసు. కానీ ఆదిలాబాద్ సున్నాని చూసి మాత్రం "అక్కడ ఎక్కేటోళ్లు ఎవరుంటరు?" అని చాలా తేలిగ్గా అనేస్తాం. రెండు సున్నాలూ చెప్పేది ఒకటే, అక్కడ విమానం లేదని. డిమాండ్ ఉందో లేదో ఆ అంకెలు చెప్పవు.

డిమాండ్ అంటే మన పుస్తకంలోని అర్థం, ఫలానా ధరకి, ఫలానా సమయానికి, ఫలానా చోటికి ప్రయాణం చెయ్యడానికి సిద్ధంగా ఉన్నవాళ్ల సంఖ్య. ధర మారితే అది మారుతుంది, టైము మారినా మారుతుంది. పక్కన మంచి రోడ్డు పడినా, రైలు వచ్చినా మారుతుంది. జనాభా లెక్కల్లాగా ఒక ఊరికి ఒక అంకె అని రాసి పెట్టుకునేది కాదు.

ఒక్క మనిషి, నాలుగు లెక్కలు

లెక్క ఎట్లా వేస్తారో తెలియకపోతే అంకెలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

ఒక కరీంనగర్ అమ్మాయి ఇంటర్వ్యూ కోసం ఢిల్లీ వెళ్లి వచ్చిందనుకుందాం. విమాన సంస్థల లెక్కలో ఆమె ఇద్దరు ప్రయాణికులు, పోయేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు. విమానాశ్రయాలు ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ కూడా లెక్కపెడతాయి కాబట్టి, రెండు ఎయిర్‌పోర్టుల లెక్కలు కలిపితే ఆమె నలుగురు. శంషాబాద్‌లో రెండుసార్లు, ఢిల్లీలో రెండుసార్లు. కరీంనగర్ ఖాతాలో మాత్రం ఒక్కసారి కూడా లేదు.

2024లో దేశీయ విమానాల్లో 16 కోట్లకు పైగా ప్రయాణించారంటే 16 కోట్ల మంది భారతీయులు విమానం ఎక్కారని కాదు. రానుపోను ప్రయాణాలు తీసేస్తే అది సగానికి వస్తుంది. నెలకి నాలుగుసార్లు తిరిగే ఉద్యోగస్తులనీ వ్యాపారస్తులనీ తీసేస్తే ఇంకా చాలా తగ్గుతుంది. 140 కోట్ల దేశంలో ఇప్పటికీ విమానం ఎక్కనివాళ్లే ఎక్కువ. మా ఇంట్లో నేను, మా బాపు, మా అవ్వ ముగ్గురం ఆ జాబితాలోనే ఉన్నాం.

మనవాళ్లు శంషాబాద్ ఖాతాలో కలిసిపోయినట్టే ఆదిలాబాద్ వాళ్లు కొందరు నాగ్‌పూర్ ఖాతాలో కలిసిపోతారు. ఆదిలాబాద్ నుంచి శంషాబాద్ మూడొందల కిలోమీటర్ల పైమాటే. పెన్‌గంగ దాటి పాండర్‌కవడ, హింగన్‌ఘాట్ మీదుగా నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టు రెండొందల కిలోమీటర్ల లోపే. రాష్ట్రం వేరైనా, రోడ్డు అదే 44వ నంబరు జాతీయ రహదారి. ఢిల్లీ పోవాలనుకున్న ఆదిలాబాద్ మనిషి వెనక్కి దక్షిణానికి వచ్చి ఎక్కడం కంటే ముందుకి ఉత్తరానికి పోయి ఎక్కడమే తెలివైన పని. ఒక విమానాశ్రయానికి ఎంత దూరం నుంచి జనం వస్తారో ఆ ప్రాంతాన్ని మన భాషలో దాని పరీవాహక ప్రాంతం అనొచ్చు, చెరువుకి నీళ్లొచ్చే నేల ఉన్నట్టే. ఆదిలాబాద్ రెండు చెరువుల మధ్య గట్టు మీద ఉంది. సగం వాన అటు, సగం వాన ఇటు.

పదేళ్ల గీత

ఇప్పుడు కాలంతో పాటు ఏం జరిగిందో చూద్దాం. 1953లో దేశంలోని విమాన సంస్థల్ని జాతీయం చేశారు. నిజాం హయాంలో బేగంపేట నుంచి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు దేశం లోపల విమానం అంటే ప్రభుత్వ విమానమే. 1994లో ఆ చట్టం రద్దయింది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ మొదలుపెట్టి తక్కువ ధర టికెట్లు తెచ్చాడు. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. 2008 మార్చిలో హైదరాబాద్ విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాయి.

ఇక దేశీయ ప్రయాణికుల సంఖ్య, డీజీసీఏ లెక్కల ప్రకారం, సుమారుగా:

2014 – 6.7 కోట్లు
2016 – 10 కోట్లు
2018 – 13.9 కోట్లు
2019 – 14.4 కోట్లు
2020 – 6.3 కోట్లు
2021 – 8.4 కోట్లు
2022 – 12.3 కోట్లు
2023 – 15.2 కోట్లు
2024 – 16.1 కోట్లు

2014 నుంచి 2018కి నాలుగేళ్లలో సంఖ్య రెట్టింపైంది. అంటే ఏడాదికి దాదాపు 20 శాతం పెరుగుదల. మీరు 2018 చివర్లో కూర్చున్న ఇంజినీరు అనుకోండి. స్కేలు పెట్టి అదే గీతని ముందుకి పొడిగిస్తే 2024కి ఎంత రావాలి? 13.9 ని 1.2 తో ఆరుసార్లు గుణించండి. 41 కోట్లు దాటుతుంది. నిజంగా వచ్చింది 16.1 కోట్లు. 2018 నుంచి 2024 దాకా సగటు పెరుగుదల ఏడాదికి 2.5 శాతమే.

కరోనా రాకపోతే గీత అట్లాగే పోయేదా? పోయేది కాదు. కరోనాకి ముందే, 2019లో, పెరుగుదల 4 శాతం లోపుకి పడిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడింది. దాని విమానాలు నేల మీద నిలబడ్డాయి, ఉన్న సీట్లకి ధర పెరిగింది. ఎక్కాలనుకున్నవాళ్లు ఉన్నా సీట్లు లేవు. విమానాల కొరత వల్ల తగ్గిన సంఖ్యని మనం డిమాండ్ తగ్గిందని చదువుతాం. లెక్కలో రెండూ ఒకే రకంగా కనబడతాయి.

ఇంకో సంగతి. దెబ్బ తగిలితే గీత ఒక్కరోజులో పడిపోతుంది, లేవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. 2020 మే 25న విమానాలు మళ్లీ మొదలైనప్పుడు మూడో వంతు సర్వీసులకే అనుమతి ఇచ్చారు. పూర్తి స్థాయికి అనుమతి వచ్చింది 2021 అక్టోబరులో. 2019 సంఖ్యని మళ్లీ దాటింది 2023లో. అంటే నాలుగేళ్లు. జ్వరం ఒక పూటలో వస్తది గానీ ఒంట్లో బలం రావాలంటే నెల పడుతదని మా అవ్వ అంటుంది, అట్లాగే.

నెలల మర్మం

ఏడాది లెక్క నుంచి నెలల లెక్కకి వద్దాం. 2024లో దేశీయ ప్రయాణికులు జనవరిలో సుమారు 131 లక్షలు, ఫిబ్రవరిలో 126.5 లక్షలు, మేలో 138, జులైలో 130, నవంబరులో 142.5, డిసెంబరులో 149 లక్షలు.

పై చూపుకి ఫిబ్రవరి అన్నిటికంటే వెలితిగా ఉంది. కానీ ఒక చిన్న భాగహారం చెయ్యండి. జనవరికి 31 రోజులు, రోజుకి 4.24 లక్షలు. ఫిబ్రవరికి ఆ ఏడాది 29 రోజులు, రోజుకి 4.36 లక్షలు. రోజు లెక్కన చూస్తే ఫిబ్రవరే జనవరి కంటే మెరుగు! జులై రోజుకి 4.19 లక్షలు, అసలు వెలితి అక్కడ. మే 4.45, నవంబరు 4.75, డిసెంబరు 4.8. ఆ నవంబరు 17న ఒక్కరోజులోనే 5 లక్షల మంది దాటారు.

ఈ ఎగుడుదిగుడుల వెనక ఉన్నది మనకి తెలిసిన పంచాంగమే. మేలో బడులకి సెలవులు. జులైలో వానలు, బడులు తెరిచి ఉంటాయి, మనకైతే ఆషాఢం, పెళ్లిళ్లు ఉండవు. దసరా, దీపావళి నుంచి మళ్లీ ఊపు. తర్వాత పెళ్లిళ్లు, డిసెంబరు సెలవులు. అయితే పండుగలు తిథుల ప్రకారం జరుగుతాయి కాబట్టి ఒక చిక్కుంది. 2023లో దీపావళి నవంబరు 12న వచ్చింది. 2024లో అక్టోబరు చివరికి జరిగింది. పోయిన అక్టోబరుతో ఈ అక్టోబరుని పోల్చి "పెరిగింది" అంటే, అందులో కొంత పండుగ జరగడం వల్ల వచ్చిన పెరుగుదలే.

అందుకే ఇట్లాంటి లెక్కని మూడు పొరలుగా విడదీస్తారు. ఏళ్ల తరబడి సాగే పోకడ ఒకటి, ప్రతి ఏడూ తిరిగొచ్చే రుతువు ఒకటి, ఎవరూ ఊహించని దెబ్బ ఒకటి. పన్నెండు నెలల సగటు తీస్తే రుతువు పోయి పోకడ కనబడుతుంది. 2025 జులైలో ప్రయాణికులు సుమారు 126 లక్షలు, అంటే ముందటి జులై కంటే దాదాపు 3 శాతం తక్కువ. జులై ఎప్పుడూ వెలితే కాబట్టి పోల్చాల్సింది జూన్‌తో కాదు, పోయిన జులైతో. అట్లా పోల్చినా తగ్గిందంటే ఇది రుతువు పని కాదు, ఇంకేదో ఉందని అర్థం. ఆ వేసవి దేశంలో ఎట్లా గడిచిందో గుర్తు చేసుకోండి. మేలో సరిహద్దు ఉద్రిక్తతలతో 32 విమానాశ్రయాలు కొన్ని రోజులు మూతపడ్డాయి, జూన్ 12న అహ్మదాబాద్‌లో ఘోర ప్రమాదం జరిగింది.

టికెట్టు ధర, మనిషి అవసరం

ధర తగ్గితే జనం పెరుగుతారన్నది అందరికీ తెలుసు. ఎంత తగ్గితే ఎంత పెరుగుతారన్నదే అసలు ప్రశ్న. ఉదాహరణకి ధర 10 శాతం తగ్గించారనుకోండి. ప్రయాణికులు 15 శాతం పెరిగితే రాబడి 0.9 × 1.15, అంటే మూడున్నర శాతం లాభం. 5 శాతమే పెరిగితే 0.9 × 1.05, అంటే ఐదున్నర శాతం నష్టం. మొదటి రకం జనం ధరకి వంగేవాళ్లు, సెలవులకి గోవా పోదామా వద్దా అని ఆలోచించేవాళ్లు. రెండో రకం వంగనివాళ్లు. రేపు పొద్దున మీటింగు ఉన్నవాళ్లు, ఆస్పత్రికి పోవాల్సినవాళ్లు, మా రూమ్మేట్ అన్నలాంటివాళ్లు. అందుకే నెల ముందు కొన్న సీటు ఒక ధర, రేపటికి కొన్న సీటు ఇంకో ధర. చివరి నిమిషంలో వచ్చేవాడు ఎంతైనా ఇస్తాడని సంస్థకి తెలుసు.

మన ప్రాంతంలో ఇంకో లెక్క కూడా ఉంది. విమానానికి పోటీ ఇంకో విమానం కాదు, బస్సు. సిరిసిల్ల, జగిత్యాల నుంచి ముంబై, భివండికి తరాల నుంచి మనవాళ్లు పోతున్నారు. మగ్గం పనికి, కూలి పనికి పోయేవాళ్లు రాత్రంతా బస్సులో కూర్చొని పోతారు. వాళ్ల సంపాదన పెరిగితే రేపు వాళ్లలో కొందరు విమానం ఎక్కొచ్చు. గల్ఫ్ పోయేవాళ్లు ఒకప్పుడు బొంబాయి దాకా పోయి ఎక్కేవాళ్లు, ఇప్పుడు శంషాబాద్‌లో ఎక్కుతున్నారు. అది విదేశీ లెక్క, దీంట్లోకి రాదు. కానీ అలవాటు మారడానికి ఒక తరం చాలు అనడానికి అది సాక్ష్యం.

కరీంనగర్ సంగతి వేరు, ఆదిలాబాద్ సంగతి వేరు

మొదట మేమిద్దరం రెండు ఊళ్లనీ ఒకే గాటన కట్టి మాట్లాడుకున్నాం. లెక్క వేస్తే రెండూ వేరువేరని తేలింది.

ప్రయాణం ఖర్చంటే టికెట్టు ధర ఒక్కటే కాదు, పోయిన సమయం కూడా ఖర్చే. కరీంనగర్ నుంచి హైదరాబాద్ రాజీవ్ రహదారి మీద 165 కిలోమీటర్లు. కారులో శంషాబాద్‌కి నాలుగు గంటలు వేసుకుందాం. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కి విమానం ఉందనుకున్నా, గంట ముందు పోవాలి, ముప్పావు గంట ఎగరాలి, దిగి బయటికి రావాలి, అక్కడి నుంచి సిటీలోకి ఇంకో గంటన్నర. మిగిలే సమయం దాదాపు ఏమీ లేదు. కాబట్టి కరీంనగర్ వాళ్లకి కావలసింది హైదరాబాద్ విమానం కాదు, నేరుగా ఢిల్లీ, ముంబై, బెంగళూరు విమానాలు.

అక్కడ ఇంకో చిక్కు. ఉదాహరణకి రోజుకి 300 మంది మనవాళ్లు శంషాబాద్‌లో ఎక్కుతున్నారనుకుందాం. వాళ్లందరూ ఒకే ఊరికి పోరు. బెంగళూరుకి 70, ఢిల్లీకి 60, ముంబైకి 60, మిగతావాళ్లు పది ఊళ్లకి. 180 సీట్ల విమానం ఒక్కటీ నిండదు. శంషాబాద్‌లో మాత్రం మన 60 మందికి నల్గొండ వాళ్లు, మెదక్ వాళ్లు, సిటీ వాళ్లు కలుస్తారు, గంట గంటకీ విమానం నిండుతుంది. పెద్ద ఎయిర్‌పోర్టు ఇంకా పెద్దదవడానికి కారణం ఇదే. చిల్లర కాలువలన్నీ ఒక్క వాగులో కలిస్తేనే పడవ నడుస్తుంది.

ఆదిలాబాద్ సంగతి వేరు. హైదరాబాద్‌కి బస్సులో ఆరేడు గంటలు. రైలు కిన్వట్, ముద్ఖేడ్, బాసర, నిజామాబాద్ చుట్టి పోతుంది, ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. విమానం ఉంటే సిటీకి పోయేవాళ్లకి రెండు మూడు గంటలు కలిసొస్తాయి. శంషాబాద్‌లో ఇంకో విమానం పట్టుకుని బెంగళూరో చెన్నైయో పోయేవాళ్లకైతే నాలుగైదు గంటలు. కాబట్టి ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కి చిన్న విమానం అన్న ఆలోచనలో అర్థం ఉంది.

ఎంతమంది కావాలి? ఏటీఆర్-72 రకం విమానానికి 72 సీట్లు వేసుకుందాం. రోజుకి ఒకసారి రావడం, ఒకసారి పోవడం. మొత్తం 144 సీట్లు. ముప్పావు వంతు నిండితే 108 మంది, అంటే రోజూ ఆదిలాబాద్‌లో ఎక్కేవాళ్లు 54 మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత ఆదిలాబాద్ జిల్లాలో 27 లక్షల మంది ఉన్నారు. 27 లక్షల్లో 54 మంది దొరకరా అనిపిస్తుంది. కానీ ఆ 27 లక్షల్లో మంచిర్యాల వాళ్లకి ఆదిలాబాద్ ఊరు దూరం, హైదరాబాద్‌కి నేరుగా రైలుంది. నిర్మల్ వాళ్లకి నాలుగు గంటల్లో హైదరాబాద్. ఢిల్లీ పోయేవాళ్లకి నాగ్‌పూర్ ఉంది. పైగా 54 మంది ఒక్కరోజు దొరికితే సరిపోదు, ఏడాది పొడుగునా, ఆషాఢంలో కూడా, దొరకాలి.

ఇంతకుముందు ఏమైంది

మన దగ్గర విమానం ఎప్పుడూ దిగలేదని కాదు. 1981లో చిన్న ఊళ్ల కోసం ప్రభుత్వం వాయుదూత్ అనే సంస్థ పెట్టింది. ఆ దశాబ్దంలో రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ల రన్‌వే మీద, వాయుదూత్ చిన్న విమానాలు దిగేవి. ఎన్టీపీసీ, సింగరేణి, ఎరువుల ఫ్యాక్టరీ, సిమెంటు, ఇన్ని ఉన్నచోట టికెట్టు కొనేది మనుషులు కాదు, కంపెనీలు. అయినా ఆ సర్వీసు నిలబడలేదు. 1993లో వాయుదూత్‌నే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

2016లో ఉడాన్ పథకం వచ్చింది. గంట ప్రయాణానికి సగం సీట్లు సుమారు 2500 రూపాయలకి అమ్మాలి, ఆ నష్టాన్ని మూడేళ్ల పాటు ప్రభుత్వం పూడుస్తుంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి విమానం లేచింది. అదే రోజు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసుల్ని కూడా ప్రారంభించారు. ఆ రెండూ నడిపింది హైదరాబాద్ సంస్థ ట్రూజెట్. నాందేడ్ అంటే ఆదిలాబాద్‌కి పక్కిల్లే. 2022లో ట్రూజెట్ సర్వీసులు ఆగిపోయాయి. 2024లో స్టార్ ఎయిర్ వచ్చాక నాందేడ్‌లో మళ్లీ సందడి మొదలైంది. ఎక్కేవాళ్లు ఒక్కసారిగా మాయమై మళ్లీ ఒక్కసారిగా పుట్టలేదు. ఒకే సంస్థ మీద ఆధారపడ్డ ఊరికి ఆ సంస్థ ఆగితే లెక్క సున్నా అవుతుంది.

దేశమంతటి లెక్క ఇంకా గట్టిది. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఉడాన్‌లో 774 మార్గాలు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. సాయం ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ప్రతి నూరింటిలో ఏడు. సాయం ఉన్నప్పుడు కనబడిన డిమాండ్‌లో ఎక్కువ భాగం 2500 రూపాయల డిమాండ్. అసలు ధర చెప్పేసరికి బస్టాండుకి తిరిగి పోయింది.

ఇప్పుడు మళ్లీ మాటలు జోరందుకున్నాయి. వరంగల్ మామునూరు విమానాశ్రయం నిజాం కాలంలో కట్టినది, 1981 దాకా నడిచింది. శంషాబాద్‌కి 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం అడ్డుగా ఉండేది. అక్కడివాళ్లు అభ్యంతరం లేదన్నాక 2025లో మామునూరుకి కేంద్రం అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ఆదిలాబాద్‌లో వైమానిక దళం చేతిలో ఉన్న ఎరోడ్రంని పౌర విమానాలకి వాడుకోవడానికి కూడా పచ్చజెండా ఊపారు. మామునూరు తెరిస్తే కరీంనగర్ వాళ్లకి అది శంషాబాద్ దూరంలో సగం కూడా ఉండదు. అప్పుడు మనవాళ్లలో కొందరు శంషాబాద్ ఖాతాలోంచి వరంగల్ ఖాతాలోకి మారతారు. దాన్ని చూసి కొత్త డిమాండ్ పుట్టిందని సంబరపడేముందు, ఎంతమంది కొత్తగా ఎక్కారు, ఎంతమంది చోటు మార్చారు అని అడగాలి. ఎందుకంటే అక్కడ పోయేది రైతుల భూమి, పెట్టేది మనందరి డబ్బు.

వాడి ప్రశ్నకి జవాబు

ఇదంతా మా రూమ్మేట్‌కి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. చివరికి ఒక మాట చెప్పక తప్పలేదు. ఆదిలాబాద్‌కి రోజుకి ఒక్క విమానం ఉండి, అది పొద్దున ఎనిమిదింటికే అయితే, మధ్యాహ్నం శంషాబాద్‌లో దిగిన వాళ్లన్నకి ఆ రోజు అది కూడా దొరికేది కాదు. అవసరం టైం చూసుకుని రాదు. రోజుకి రెండు మూడు విమానాలు ఉంటేనే జనం నమ్మి ఎక్కుతారు, జనం ఎక్కితేనే రెండు మూడు విమానాలు వేస్తారు. కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు ఉంటుంది. ఆ ముడిని ఎక్కడో ఒకచోట ప్రభుత్వ సాయం విప్పాలి. కానీ మూడేళ్లలో అలవాటు పడేంత జనం నిజంగా ఉన్నచోటే విప్పాలి.

"అంటే మా ఊర్ల ఎక్కేటోళ్లు ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

"ఉన్నరు. ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలే" అన్నాను.

ఆ లెక్క మనమే మొదలుపెట్టొచ్చు. "మీ ఊరికి విమానం కావాలా?" అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు, ఆ జవాబుతో విమానం నిండదు. అడగాల్సింది ఇవి. పోయిన ఏడాది మీ ఇంట్లో ఎవరు, ఎన్నిసార్లు, ఏ ఊరికి పోయారు? బస్సులోనా, రైల్లోనా, విమానంలోనా? విమానమైతే శంషాబాద్‌లో ఎక్కారా, నాగ్‌పూర్‌లోనా? ఇంటి నుంచి అక్కడికి ఎంత సమయం, ఎంత ఖర్చు? టికెట్టు ఎన్ని రోజుల ముందు కొన్నారు? మన కాలేజీలో కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ పిల్లలందరూ ఉన్నారు. సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు పది ఇళ్లు అడిగినా ఏ ప్రభుత్వ లెక్కలోనూ లేని సంగతులు బయటికొస్తాయి. ఫారం తయారు చేశాను. సాహితీ క్లబ్ గదిలో పెట్టాను, తీసుకోండి.

మొదటి ఫారం మా రూమ్మేటే నింపాడు. తిరిగి ఇస్తూ, "ఒక ప్రశ్న తక్కువైంది రా" అన్నాడు. అడుగున వాడే పెన్నుతో ఒక గీత గీసి రాశాడు: పోవాల్సి ఉండీ సమయానికి చేరలేకపోయిన ప్రయాణాలు ఎన్ని?

దాని పక్కన 1 అని వేశాడు. ఇప్పుడు అన్ని ఫారాల్లోనూ ఆ ప్రశ్న ఉంది.